పడమటి గోడకు దొండ తీగ

మా ఇంటి పడమటి గోడ చూడటానికి ఇప్పటికీ మనుషులు వస్తుంటారు. చర్చిలో తెలిసినవాళ్ళు, వర్క్‌షాపులో నాతో పనిచేసేవాళ్ళు, వాళ్ళు చెప్పగా విన్నవాళ్ళు. గోడ దాదాపు కనపడదు. కింద మోకాలి ఎత్తు వరకు సున్నం, ఆ పైన స్లాబు దాకా దొండాకు, మధ్యమధ్య బచ్చలి. వచ్చినవాళ్ళు ఆకుల వెనక చెయ్యి పెట్టి గోడను తాకి చూస్తారు. "సల్లగున్నదన్నా" అంటారు. ఆ తర్వాత నన్ను మెచ్చుకుంటారు. ఆ మెప్పు నాది కాదు. కోత పండుగ రోజు చర్చిలో నిలబడి నాదే అని చెప్పుకున్నది నేనే కాబట్టి, కాదని చెప్పవలసింది కూడా నేనే.

మాది మణుగూరులో గని కాలనీ అయిపోయి, అడవి పల్లెలకు వెళ్ళే రోడ్డు మొదలయ్యే చోటు. నేను గని వర్క్‌షాపులో ఎలక్ట్రీషియన్‌ని. ఇల్లు కట్టినప్పుడు పడమటి పక్కన ఇరుకు జాగా మిగిలితే సెప్టిక్ ట్యాంకు అక్కడ తవ్వించాం. గోడ వెంట ఆ చివర నుంచి ఈ చివర దాకా ట్యాంకు స్లాబు, మిగతాది సిమెంటు గచ్చు. మొక్క పెడదామంటే పిడికెడు మట్టి లేదు. ఆ వైపు ఎదురిల్లు లేదు, చెట్టు లేదు. బొగ్గు లారీలు తిరిగే రోడ్డు ఒక్కటే. మధ్యాహ్నం నుంచి పొద్దుగూకే దాకా ఎండంతా ఆ గోడకే తగులుతుంది. సాయంత్రం దాని మీద చెయ్యి ఆనించలేం. పొద్దు పోయాక అది తాగిన వేడంతా గదిలోకి వదులుతుంది.

ఆ గోడ వెనక గది మా అత్తమ్మది, అంటే నా భార్య తల్లిది.

ఆమెది మధిర వైపు. నా భార్యకు ఆపరేషన్ అయినప్పుడు సాయంగా వచ్చింది. ఒక చేతిలో బట్టల సంచి, ఇంకో చేతిలో గంప, గంపలో ఒక ఎర్ర కోడిపెట్ట. ఆ రోజుల్లో ఆమె మాకు చేసింది ఇంత అని చెప్పలేను. నేను మొదటి షిఫ్టుకు లేచేసరికి వాకిలి ఊడ్చి ఉండేది, టిఫిన్ బాక్సు గుడ్డలో కట్టి బండి సీటు మీద ఉండేది. వాన పడేలా ఉంటే బాక్సు పక్కనే రెయిన్‌కోటు ఉండేది. ఇవన్నీ పెట్టే మనిషి మాత్రం నాకు కనపడేది కాదు. అల్లుడికి ఎదురుపడి మాట్లాడకపోవడం వాళ్ళ ఇంటి పద్ధతి. నేను కుర్చీలో ఉంటే ఆమె గుమ్మం దాటదు. నాతో చెప్పాల్సింది ఏదైనా ఉంటే కూతురితో చెబుతుంది. కూతురు దగ్గర లేకపోతే కోడితో చెబుతుంది.

"ఏమే కోడీ, గ్యాసు అయిపోవచ్చినట్టుంది, ఇంట్లో మగవాళ్ళకు తెలుసో లేదో" అని పెరట్లో వినపడేది. నేను లేచి వెళ్ళి సిలిండర్ బుక్ చేసేవాడిని. కోడితో ఆమెకు భయం లేదు, మొహమాటం లేదు. నాకు ఎన్నడూ అనలేని మాటలు కోడితో అనేది.

నా భార్య కోలుకున్నా ఆమెను పంపడానికి మాకు మనసొప్పలేదు. ఆమెకు కూడా వెళ్ళాలని లేదు. మధిరలో తమ్ముడి ఇల్లుంది గాని అక్కడ హాల్లో మడత మంచం, పగలంతా దాన్ని మడిచి మూలకు పెట్టాలి. ఇక్కడ తలుపు వేసుకోవడానికి ఒక గది ఉంది. బైబిలు పెట్టుకునే గూడు ఉంది. ఆమెకు తనదంటూ ఉన్నది ఆ గది ఒక్కటే. ఆ గదే ఎండాకాలం పొయ్యి అయింది.

ఆమె ఆ మాట ఎవరితోనూ అనలేదు, కోడితో కూడా. అల్లుడి ఇల్లు బాగాలేదని అంటే తప్పు పట్టినట్టవుతుందని అనుకుందేమో. ఒకరోజు నేను డ్రిల్లింగు మిషను కోసం ఇంటికి వస్తే ఆమె బాత్రూము గుమ్మం దగ్గర నేల మీద తడి తువ్వాలు కప్పుకుని పడుకుని ఉంది. నన్ను చూసి ఆ తడి బట్టతోనే లేచి లోపలికి వెళ్ళిపోయింది.

"ఏందే ఇది?" అని నా భార్యను అడిగాను. "మంచం ఉండంగ నేల మీద పండుడేంది?"

"ఈస్టర్ కాగానే మధిర వెళ్తానంటంది అమ్మ."

"ఏమైందట?"

"నన్నడగటం కాదు. ఆ గదిలో ఒక్క మధ్యాహ్నం పడుకోండి, తెలుస్తది."

ఆదివారం చర్చి నుంచి వచ్చాక ఆ గదిలో పడుకున్నాను. ఫ్యాను వేసుకున్నాను. ఫ్యాను వేడిని మొహం మీదికి తోసింది. మంచం గోడ పక్కన ఉంది, ఆ వైపు భుజం కాగుతున్నట్టు అనిపించింది. కాసేపటికి లేచి బయటికి వచ్చాను. అంతకు ముందు వేసవి కూడా ఆమె ఆ గదిలోనే గడిపిందని అప్పుడు గుర్తొచ్చింది.

కూలర్ పెట్టి చూశాం. గది ఆవిరి పట్టింది, వేడి తగ్గలేదు. గోడకు ఎండ తగలకుండా చేస్తే తప్ప లాభం లేదు. రేకు దించుదామంటే రేకే కాలుతుంది. మట్టి లేని చోట ఏ కుండీలోనో తీగ పెట్టి పైకి పాకించడమే దారి. అంతవరకు అందరం ఒప్పుకున్నాం. ఏ తీగ, ఏ కుండీ అన్న దగ్గర నేను ఎవరి మాటా వినలేదు.

నాకు కాగితం పూల చెట్టు మీద మోజు. ఆఫీసర్ల బంగళాల ప్రహరీల మీద గులాబీ రంగులో విరగబూసి ఉంటుంది. రోజూ షిఫ్టుకు పోతూ చూసేవాడిని. మా గోడ కూడా అలా ఉండాలనుకున్నాను. గది చల్లబడటం ఒకటైతే, రోడ్డున పోయేవాళ్ళు చూడాలన్నది నా మనసులో రెండోది. నిజం చెప్పాలంటే అదే మొదటిది. భద్రాచలం రోడ్డులో నర్సరీకి వెళ్ళి మొక్కలు తెచ్చాను. ఖాళీ ఆయిల్ డ్రమ్ములు సగానికి కోయించి, గోడకు ఆనించి వరసగా పెట్టాను.

నేను మట్టి నింపుతుంటే ఇంటి మూల నుంచి గొంతు వినపడింది.

"ఇనుప డబ్బాలో మొక్క పెట్టటమంటే పెనం మీద కూర్చోబెట్టటమే కదే కోడీ. పైగా కిటికీ పక్కన ముళ్ళు. నీకేం తెలుసులే, నువ్వు కోడివి."

నా భార్య వచ్చి ఆ మాటనే మర్యాదగా చెప్పింది. "అమ్మ దొండ పెట్టమంటంది. కొమ్మ గుచ్చితే చాలు పాకుద్దంట, ఎండను తట్టుకుంటదంట. పాత సిమెంటు గోలెం దొరికితే మంచిదంట."

"దొండకాయ తింటే బుద్ధి మందగిస్తదంటరు. నా ఇంటి మీదికి గదే ఎక్కియ్యాల్నా?"

మూల నుంచి మళ్ళీ గొంతు, "అవునే కోడీ. మందగించటానికి ముందు కొంచెం ఉండాలిగా."

నా భార్య నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళింది. నాకు కోపం వచ్చింది. కోడిని తిట్టాను. అత్తను తిట్టలేను కదా.

కాగితం పూల చెట్లు బతకలేదు. డ్రమ్ముల్లో నూనె జిడ్డు సరిగ్గా పోలేదు, అది ఒకటి. మధ్యాహ్నం డ్రమ్ము అంచు పట్టుకుంటే చెయ్యి చురుక్కుమనేది, లోపలి వేళ్ళు ఏం కావాలి. ఆకులు రాలి పుల్లలు మిగిలాయి. మిగిలిన ఒక్క మొక్కను కోడి తవ్వేసింది. బతికినా లాభం ఉండేది కాదని తర్వాత తెలిసింది. ఆ చెట్టు తనంతట తాను గోడ పట్టుకోదు, దాన్ని కట్టుకుంటూ పోవాలి, నీడ ఇవ్వడానికి ఏళ్ళు పడుతుంది. మా దగ్గర ఉన్నది ఆ ఒక్క ఎండాకాలం.

ఈస్టర్ అయింది. ఆమె బట్టల సంచి సర్దుకుంది. వెళ్ళే ముందు మాత్రం ఒక పని చేసింది. నేను షిఫ్టులో ఉన్నప్పుడు, పక్క పల్లెలో ఎవరింట్లోనో మూలపడ్డ గోలెం, పశువులు నీళ్ళు తాగే పెద్ద సిమెంటు తొట్టి, ఆటో మీద తెప్పించింది. అడుగున బెజ్జం కొట్టించి, కొబ్బరి పీచు పరిచి, ఎర్రమట్టీ మేక ఎరువూ కలిపి నింపింది. బయట సున్నం పూసింది, ఎండ లోపలికి దిగకుండా. దొండ కొమ్మలు గుచ్చి తడి గోనె చుట్టింది. నీడ తొందరగా రావాలని చుట్టూ బచ్చలి విత్తింది. ఇంకో ప్లాస్టిక్ బక్కెట్లో సొర గింజలు వేసింది.

కోడిని మా దగ్గరే వదిలి వెళ్ళింది. బస్సులో ఇబ్బంది అంది. తెచ్చినప్పుడు లేని ఇబ్బంది ఇప్పుడెందుకని నేను అడగలేదు. "కోడిని వదిలి వెళ్ళిందంటే వస్తదండీ" అంది నా భార్య. నేను ఆ మాట పట్టుకున్నాను.

ఆమె వెళ్ళాక ఇల్లు ఎట్లా ఉందో చెప్పడం కష్టం. బండి సీటు మీద బాక్సు ఉండేది కాదు, క్యాంటీన్‌లో తినేవాడిని. అది నాకు బాధ కాదు. పెరట్లో మాటలు వినపడకపోవడమే బాధ. కోడి కూడా గుమ్మం దగ్గర నిలబడి అటూ ఇటూ చూసేది.

గోలెం పని నేను నెత్తికెత్తుకున్నాను. మొదట దాన్ని జరిపించాను. ట్యాంకు స్లాబు నడిమధ్య పెడితే బరువుకు పగులుతుంది, కింద ట్యాంకు గోడ ఉన్న అంచు మీద ఇటుకలు పేర్చి వాటి మీద ఎక్కించాను. ఇంటి గోడకు ఇనుప క్లాంపులు బిగించి, జానెడు దూరంలో వెదురు బొంగులు కట్టి, కొబ్బరి తాడు అల్లాను. ఇనుప తీగ లాగుదామనుకున్నాను గాని డ్రమ్ములు నాకు బుద్ధి చెప్పాయి. దొండ గోడకు అంటుకోకుండా ఎడంగా ఉంటే మధ్యలో గాలి ఆడుతుంది. ఆ జానెడు ఎడం ఒక్కటీ నాది.

నా భార్య భయం వేరు. మాది అడవి అంచు, కిటికీ పక్కన పొద పెరిగితే పాములు చేరతాయని. అందుకే కింద మోకాలి ఎత్తు వరకు ఒక్క ఆకు కూడా ఉండనివ్వం. పొద్దున్నే నేను గిల్లేస్తాను. నేల మీద సామాను పెట్టం, తీగ మొదలు దూరం నుంచే కనపడాలి.

ఫోనులో కూడా అత్తమ్మ నాతో మాట్లాడదు. నా భార్య స్పీకరు పెట్టి, ఫోను తీసుకెళ్ళి గోలెం పక్కన కోడి ముందు ఉంచేది.

"కోడీ, సొర ఎట్టుందే?"

నేను గట్టిగా గొంతు సవరించుకుని, "పొద్దుగాల మంచిగుంటంది, మధ్యాహ్నానికి తల వేలాడేస్తంది" అని కోడి వైపు చూసి చెప్పేవాడిని.

అవతల నుంచి నవ్వు. "బక్కెట్టు చాలదే దానికి. సొరకు చెరువు కావాలి. తప్పు నాదేలే, పీకెయ్యమను. దొండకు మాత్రం పొద్దున్నే నీళ్ళు పొయ్యమను, ఎండలో పొయ్యొద్దను. గనిలో బ్లాస్టింగు అయ్యాక దుమ్ము పడుతుందిగా, సాయంత్రం ఆకులు కడగమను."

తన తప్పును నవ్వుతూ ఒప్పుకోవడం ఎంత తేలికో ఆ రోజు విన్నాను. విన్నాను గాని నేర్చుకోలేదు.

వానలు పడ్డాయి. బచ్చలి ముందు పరుగెత్తింది, దొండ నింపాదిగా దాన్ని దాటింది. వాన వెలిసి ఎండ కాసే రోజుల్లో గోడ మీద చెయ్యి పెట్టి చూసేవాడిని. వెనక్కి తీయాల్సిన పని లేకపోయింది. కాయలు కోసినకొద్దీ కాశాయి. మా ఇంట్లో తిని, వీధిలో పంచాం. బుద్ధి మందగించిన దాఖలా ఏమీ లేదు, ముందు ఉన్నంతే ఉంది.

కోత పండుగకు అత్తమ్మ వచ్చింది. ఆ రోజు మా చర్చికి ఎవరి పంటలో మొదటి భాగం వాళ్ళు తెస్తారు. వడ్లు, పత్తి, గుమ్మడికాయలు, కోళ్ళు. ప్రార్థన అయ్యాక వేలం పాడతారు. పొలం లేని నేను ఏటా ఏదో బజారులో కొని పట్టుకెళ్ళేవాడిని. ఆ ఏడాది గంపెడు దొండకాయలు తీసుకెళ్ళాను. మట్టి లేని ఇంటి నుంచి పంటా అని పాస్టర్ గారు ఆశ్చర్యపోయారు. దేవుడు చేసిన మేలును అందరి ముందు సాక్ష్యంగా చెప్పమన్నారు.

లేచి నిలబడ్డాను. "మా పడమటి గది ఎండకు పనికిరాకుంటుండె. ఏ తీగ పెట్టాల్నో, దేంట్ల పెట్టాల్నో దేవుడు నాకు ఆలోచన ఇచ్చిండు. నా చేతుల కష్టాన్ని దీవించిండు" అన్నాను. అందరూ స్తోత్రం అన్నారు. ఆడవాళ్ళ వైపు చాప మీద మా అత్తమ్మ కూర్చుని ఉంది. ఆమె కూడా తల వంచి స్తోత్రం అంది.

చెప్పేటప్పుడు నాకు అబద్ధం అనిపించలేదు. అది ఇప్పుడు తలచుకుంటే ఎక్కువ సిగ్గు. ఆరు నెలలు నీళ్ళు పోసి, ఆకులు కడిగి, అది నాదే అని నేనే నమ్మాను. బయటికి రాగానే జనం చుట్టూ మూగారు. డ్రమ్ము పెట్టొద్దని, పొద్దున్నే నీళ్ళు పొయ్యమని, సొరకు బక్కెట్టు చాలదని పెద్దమనిషిలా చెప్పాను. కోడి చెవిలో పడిన మాటలన్నీ నా నోటి నుంచి వచ్చాయి. చెబుతూ చెబుతూ వెనక్కి తిరిగితే ఆమె గేటు దగ్గర చెప్పులు వేసుకుంటోంది.

మర్నాడు ఆమె మధిరకు బయల్దేరింది. ఈసారి గంపలో కోడి ఉంది.

నా భార్య సాయంత్రం బియ్యంలో రాళ్ళు ఏరుతూ, "కోడిని తీసుకెళ్ళింది చూశారా" అంది. అంతే.

దాని అర్థం నాకు తెలుసు. క్రిస్మస్ వచ్చి వెళ్ళింది, ఆమె రాలేదు. అడిగితే అక్కడ పనుంది అని చెప్పించింది. గోడ చల్లగానే ఉంది, గది ఖాళీగా ఉంది. గదిని ఆమె కోసం చల్లబరచి, ఆమే అందులో లేకుండా చేసుకున్నాను. కొత్త ఏడాది మొదట్లో సెలవు పెట్టి ఖమ్మం బస్సెక్కాను, అక్కడి నుంచి మధిర.

ఆమె తమ్ముడు, నా భార్యకు మేనమామ, హాల్లో కుర్చీ వేశాడు. మడత మంచం మూలకు ఆనించి ఉంది. అత్తమ్మ వంటింటి గుమ్మం వెనక. టీ మేనమామ చేతికి ఇచ్చింది, ఆయన నాకిచ్చాడు. ఏం మాట్లాడాలో దారి పొడుగునా అనుకున్నవన్నీ మరిచిపోయాను. ఇంతలో కోడి హాల్లోకి వచ్చింది. బాగా బలిసింది.

"కోడీ" అన్నాను. మేనమామ నా వంక చూశాడు.

"చర్చిల నేను జెప్పింది సగం అబద్ధం. దేవుడు ఆలోచన ఇచ్చుడు నిజమే. నాకియ్యలే. మీ అమ్మకిచ్చిండు. నాకు రెండుసార్లు చెప్పించిండు, నేను ఇనలే. నేను గోడకు బొంగులు కట్టిన, నీళ్ళు పోసిన, గంతే. గది ఖాళీగున్నది. కాయలు ముదురుతున్నయ్, కోసేటోళ్ళు లేరు."

"అల్లుడు కోడితో మాట్లాడతన్నాడేంటే అక్కా, ఈ చలిలో ఎండ దెబ్బా?" అన్నాడు మేనమామ.

గుమ్మం వెనక చాలాసేపు గిన్నెల చప్పుడే. ఆ చప్పుడు ఆగింది.

"కోడీ, గోలెంలో పై మట్టి తీసి కొత్త ఎరువు వేశారేమో అడుగు."

"ఎయ్యలే" అన్నాను.

"ముదురు తీగలు కత్తిరించారా? చలికాలం పోయేలోపు కత్తిరిస్తేనే కొత్త చిగురు."

"కత్తిరించలే. ఏడికి కత్తిరించాల్నో తెల్వది."

"అయితే వెళ్ళక తప్పేట్టు లేదే" అంది ఆమె కోడితో.

మేనమామ నవ్వీ నవ్వీ దగ్గాడు. తిరుగు ప్రయాణంలో బస్సులో ఆమె ముందు ఆడవాళ్ళ సీట్లో కూర్చుంది, నేను వెనక. కోడి గంప నా ఒళ్ళో ఉంది. ఖమ్మం దాటాక టిఫిన్ పొట్లం ఒకటి ఎవరి చేతుల మీదుగానో నా దాకా వచ్చింది. అన్నీ అడగకుండానే ఇచ్చే మనిషి ఆమె. ఆమెకు తిరిగి ఇవ్వాల్సింది ఒక్క మాట, అది కూడా నేను కోడి చేతనే పంపించాను.

చర్చిలో కూడా ఈ సంగతి చెబుతానంటే వద్దంది. "దేవుడికి తెలియని సంగతా కోడీ. నలుగురిలో నా పేరు ఎత్తొద్దను" అంది. దేవుడికి తెలుసు, నిజమే. గోడ తాకి నన్ను మెచ్చుకుని పోయేవాళ్ళకు తెలియదు. అందుకే ఎవరి పేరూ ఎత్తకుండా ఇక్కడ రాస్తున్నాను. రాస్తున్నానని నా భార్య చెబితే, "రాస్తే రాయమను, సొర సంగతి మాత్రం రాయొద్దను" అని కోడికి చెప్పిందట. అది రాసేశాను. ఈసారి కోడికి ఏం చెప్పుకోవాలో ఆలోచించాలి.

తీగ ఎక్కడ కత్తిరించాలో ఆమె గచ్చు మీద నిలబడి కోడికి చూపించింది, నేను కత్తిరించాను. ఇప్పుడు మళ్ళీ ఎండలు ముదిరాయి. గోడ నిండా కొత్త ఆకు. మధ్యాహ్నం షిఫ్టు నుంచి వస్తే తల్లీకూతుళ్ళు ఆ గదిలోనే ఉంటారు, తలుపు సగం వేసి. నేను వరండాలో పడుకుంటాను. ఆకుల మధ్య నుంచి వచ్చే గాలి అక్కడి దాకా వస్తుంది.

మొన్న కోడి పొదుగుకు వచ్చింది. ఎండాకాలం పొదగేస్తే గుడ్లు మురిగిపోతాయని ఎవరూ వేయరు. అత్తమ్మ గంపలో ఇసుక పోసి, గుడ్లు పేర్చి, కోడిని కూర్చోబెట్టి, పడమటి గోడ పక్కన తన మంచం కిందికి జరిపింది. "ఇక్కడ చల్లగానే ఉందిలే, కూర్చో" అంది. ఆ మాట నాకు వినపడేంత గట్టిగానే అంది. పిల్లలు లేచి, రెక్కలు వచ్చి, తిరగడం నేర్చేదాకా ఇక ఆ గంప ఎక్కడికీ కదలదు.